ప్రశ్న అడిగేది ఒకటి, రాసేది కథంతా: తెలుగు పరీక్షలో పెద్ద ప్రశ్నకు జవాబు కట్టే తీరు

పదో తరగతి తెలుగు పేపర్లు దిద్దే టీచర్ల నుంచి తరచూ వినిపించే మాట ఒకటుంది. పిల్లలకు పాఠం తెలుసు, కథ తెలుసు, చాలామందికి పద్యాలు కూడా నోటికి వచ్చు. అయినా అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం పేపర్లో కనిపించదు. 'పది పన్నెండు వాక్యాల్లో రాయండి' అన్న ప్రశ్న రాగానే కవి పుట్టిన ఊరుతో మొదలుపెడతారు. పాఠంలోని కథను మొదటి నుంచి చివరిదాకా చెప్పుకొస్తారు. ఆఖరున 'కావున మనమందరం వీరిని ఆదర్శంగా తీసుకోవాలి' అని గీత గీసేస్తారు. అదే పాఠం మీద మూడు వేర్వేరు ప్రశ్నలు వేసినా మూడింటికీ దాదాపు ఇదే జవాబు వస్తుంది.

ఇందులో పిల్లల తప్పు తక్కువ. సంవత్సరమంతా వాళ్లకు దొరికేది పాఠం సారాంశం, గైడ్‌లో రెడీగా ఉన్న జవాబు, 'ఏదీ ఖాళీ వదలొద్దు, తెలిసింది రాసెయ్' అన్న సలహా. జవాబును ఎలా కట్టాలో విడిగా కూర్చోబెట్టి నేర్పేది చాలా తక్కువ చోట్ల. 'ఉపోద్ఘాతం, విషయం, ముగింపు' అని మూడు పేర్లు చెప్పి వదిలేస్తారు. ఆ మూడింటిలో ఏం ఉండాలో, ఏది ముందు రావాలో, ఎందుకు రావాలో చెప్పకపోతే ఆ పేర్ల వల్ల ఉపయోగం లేదు.

మన తెలుగు పరీక్షలకే ప్రత్యేకమైన కారణం ఇంకొకటి ఉంది. పద్యానికి ప్రతిపదార్థం, తాత్పర్యం రాయడం మనకు తరాల నుంచి వస్తున్న అలవాటు. తాత్పర్యంలో పద్యం ఏ వరసలో నడిస్తే మనమూ అదే వరసలో నడవాలి, సొంతంగా కలపకూడదు, ఏదీ వదలకూడదు. ఇంటర్లోకి వెళ్తే సందర్భ సహిత వ్యాఖ్య వస్తుంది. కవి పరిచయం, సందర్భం, భావం అని దానికో చట్రం ఉంటుంది. ఈ రెండూ మంచి అభ్యాసాలే, వాటి చోట వాటికి విలువ ఉంది. చిక్కేమిటంటే పిల్లలు ఇదే చట్రాన్ని వ్యాసరూప ప్రశ్నకూ తెచ్చి తగిలిస్తారు. తాత్పర్యానికి పద్యం వరస చాలు. వ్యాసానికి ఆ వరస పనికిరాదు, అక్కడ వరసను నిర్ణయించేది ప్రశ్న. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

మాటల్లో చెబితే ఇది గాలిలో ఉంటుంది కాబట్టి ఒక పాఠం తీసుకుని చూడటం మేలు. తెలంగాణ పదో తరగతి తెలుగు పుస్తకంలో ఏళ్లుగా ఉన్న 'దానశీలము' అందుకు బాగా సరిపోతుంది. పోతన భాగవతం అష్టమ స్కంధంలోని వామన చరిత్ర నుంచి తీసుకున్న పాఠం అది. కథ తెలుగువాళ్లందరికీ తెలిసిందే. బలి చక్రవర్తి యాగం చేస్తుంటే వామనుడు వచ్చి మూడడుగుల నేల అడుగుతాడు. వచ్చినవాడు విష్ణువని గురువు శుక్రాచార్యుడు గుర్తుపట్టి, ఇవ్వొద్దని హెచ్చరిస్తాడు. బలి ఒప్పుకోడు, ఇస్తాడు, సర్వం పోగొట్టుకుంటాడు.

దీని మీద ప్రశ్న ఇలా వచ్చిందనుకుందాం: 'శుక్రాచార్యుడు వద్దన్నా వినకుండా బలి దానం చేయడం సరైనదేనా? కారణాలతో రాయండి.'

ఇక్కడ మొదటి పని పెన్ను పట్టుకోవడం కాదు, ప్రశ్నను రెండోసారి చదవడం. ఇందులో మూడు సంగతులున్నాయి. 'శుక్రాచార్యుడు వద్దన్నా' అంటున్నారు కాబట్టి ఆయన ఎందుకు వద్దన్నాడో జవాబులో ఉండాలి. 'సరైనదేనా' అంటున్నారు కాబట్టి అవునో కాదో తేల్చి చెప్పాలి. 'కారణాలతో' అన్నారు కాబట్టి ఒక్క కారణంతో సరిపెడితే మార్కులు తగ్గుతాయి. మరి ఈ ప్రశ్నలో లేనివేమిటి? వామనుడు ఎవరికి పుట్టాడు, ఎలా ఉన్నాడు, చివరికి ఎంత ఎత్తు పెరిగాడు అన్నవి ఇక్కడ అడగలేదు. 'ఇంతింతై వటుడింతయై' పద్యం ఎంత అందంగా ఉన్నా ఈ జవాబులోకి రాకూడదు. నీటిధార పడకుండా శుక్రుడు కలశం రంధ్రానికి అడ్డుపడటం, దర్భ కొనతో పొడిస్తే కన్ను పోవడం పిల్లలకు భలే ఇష్టమైన ఘట్టం. దాన్ని వదిలేయడానికి మనసొప్పదు. కానీ బలి చేసింది సరైనదా కాదా అన్న విషయంలో ఆ కన్ను ఏమీ తేల్చదు. తెలిసినదాన్ని వదిలేయగలగడం జవాబు రాయడంలో అన్నిటికంటే కష్టమైన పని. పరీక్షలో మార్కులు తెచ్చేదీ అదే.

ప్రశ్న చివరి మాటను బట్టి కూడా పని మారుతుంది. 'వివరించండి' అంటే విషయం తెలిసేలా చెబితే చాలు. 'విశ్లేషించండి' అంటే విడదీసి, ఎలా, ఎందుకు అన్నది చూపాలి. 'సమర్థించండి' అంటే పక్షం ముందే ఖాయమైంది, దాన్ని నిలబెట్టాలి. 'మీ అభిప్రాయం రాయండి' అంటే పక్షం ఎంచుకోవడం కూడా మన పనే. నాలుగూ ఒకటేనని అనుకోవడం వల్లే నాలుగింటికీ ఒకే సారాంశం రాస్తారు.

తర్వాత పథకం. టెన్షన్‌లో ఉన్న పిల్లలకు ఇది టైమ్ వేస్ట్ అనిపిస్తుంది. లెక్క వేసి చూస్తే అలా కాదు. 80 మార్కుల పేపరుకు 3 గంటలు అనుకుంటే మార్కుకు రెండు నిమిషాల పైనే వస్తుంది. ఎనిమిది మార్కుల ప్రశ్నకు పావుగంట ఇచ్చినా, సరిచూసుకోవడానికి చివర్లో కాస్త టైమ్ మిగులుతుంది. ఆ పావుగంటలో రెండు మూడు నిమిషాలు రఫ్‌గా నాలుగైదు ముక్కలు రాసుకోవడానికి వాడితే, మిగతా పన్నెండు నిమిషాలు ఆగకుండా రాయొచ్చు. పథకం లేనివాళ్లు ప్రతి వాక్యం తర్వాత ఆగి ఆలోచిస్తారు, టైమ్ అక్కడే పోతుంది.

ఆ నాలుగైదు ముక్కలు ఏ వరసలో ఉండాలో పోతన స్వయంగా చూపించాడు. బలి శుక్రుడికి చెప్పే జవాబును వరసగా చదివితే, మంచి వ్యాసం ఎలా నడవాలో అందులోనే ఉంది. గురువు హెచ్చరిక విన్నాక బలి వెంటనే మాట్లాడడు. ఒక్క క్షణం కళ్లు మూసుకుంటాడు, ఆ తర్వాతే నోరు విప్పుతాడు. మొదటి మాట 'నిజమానతిచ్చితి నీవు మహాత్మక'. మీరు చెప్పింది నిజమే, గృహస్థు ధర్మం అదే అని ఎదుటివాడి వాదాన్ని ముందు ఒప్పుకుంటాడు. ఆ వెంటనే తన అసలు కారణం చెబుతాడు: ఇస్తానని పలికి లేదనడాన్ని మించిన పాపం ఏముంది? ఎంత చెడ్డవాడినైనా మోస్తాను గాని 'సత్యహీనుని మోవజాల' అని భూదేవి బ్రహ్మతో అనలేదా అని దానికి ఆధారం చూపిస్తాడు. తర్వాత చరిత్రలోకి వెళ్తాడు. 'కారే రాజులు రాజ్యముల్ గలుగవే గర్వోన్నతిం బొందరే' అని మొదలుపెట్టి, పూర్వం రాజులందరూ ఏమయ్యారు, ఒక్కరైనా సిరిని మూటగట్టుకుని పోయారా, పేరు నిలిచింది శిబిలాంటి దాతలకే కదా అంటాడు. అక్కడి నుంచి తన ముందున్న సందర్భానికి వస్తాడు. శ్రీదేవిని తాకిన ఆ విష్ణువు చెయ్యి ఈరోజు కింద ఉండి, తన చెయ్యి పైన ఉండటం కంటే కావలసిందేముంది? చివరికి నిర్ణయం: ఏమైనా కానీ, వచ్చింది ఎవరైనా కానీ, 'తిరుగన్నేరదు నాదు జిహ్వ'.

ఎదుటి వాదం, అసలు కారణం, ఆధారం, ఉదాహరణ, ఈ సందర్భం, నిర్ణయం. వీటిలో ఒక్కదాన్ని ముందుకో వెనక్కో జరిపి చూస్తే ఆ మాటల బలం తగ్గిపోవడం తెలుస్తుంది. 'నా నాలుక వెనక్కి తిరగదు' అని బలి మొదటే అనేసి ఉంటే అది మొండితనంలా వినిపించేది. అన్నీ చెప్పాక అన్నాడు కాబట్టి నిశ్చయంలా వినిపిస్తుంది. ఈ పాఠం ఏళ్ల తరబడి చెబుతూ కూడా వాదం నిర్మించడానికి ఇంత చక్కని నమూనా అందులో ఉందని క్లాసులో చూపించకపోవడం నిజంగా బాధాకరం.

మార్పు ఒకటే చేసుకోవాలి. పరీక్ష జవాబులో నిర్ణయం ఆఖరుకు దాచిపెట్టకుండా మొదటే సూచించాలి. స్పాట్ వాల్యుయేషన్‌లో రోజుకు పదుల కొద్దీ పేపర్లు దిద్దే టీచరుకు, ఈ జవాబు ఎటు పోతోందో మొదటి రెండు మూడు వాక్యాల్లో తెలియాలి. పై ప్రశ్నకు మొదలు ఇలా ఉండొచ్చు:

'శుక్రాచార్యుడు చెప్పింది నిజమే. వచ్చినవాడు విష్ణువే, దానం చేస్తే రాజ్యం పోతుంది. ఆ సంగతి తెలిసి కూడా ఇచ్చిన మాట కోసం దానం చేశాడు కాబట్టే బలి నిర్ణయం సరైనది.'

మూడు వాక్యాలే. పాఠం అర్థమైందని తెలుస్తోంది, పక్షం తేలింది, రాబోయే వాదానికి దారి పడింది. కవి పుట్టిన ఊరు ఇందులో లేదు, దాని లోటూ లేదు.

అలాగని కవి గురించి ఏమీ రాయకూడదని కాదు. పోతన బమ్మెరవాడని, 15వ శతాబ్దం కవి అని, భోగినీ దండకం, వీరభద్ర విజయం, నారాయణ శతకం రాశాడని చెప్పడం కవి పరిచయం అడిగే చిన్న ప్రశ్నకు జవాబు. వ్యాసంలో ఈ జాబితా అరపేజీ తింటుంది, వాదాన్ని అంగుళం కూడా ముందుకు జరపదు. అదే పోతన జీవితం నుంచి ఈ ప్రశ్నకు పనికొచ్చే సంగతి ఒకటుంది. 'ఇమ్మనుజేశ్వరాధముల' కిచ్చి ఊళ్లు, వాహనాలు, సొమ్ములు పుచ్చుకోనని, తన కావ్యాన్ని హరికే ఇస్తానని భాగవతం మొదట్లో ఆయన చెప్పుకున్నాడు. రాజుల సంపదను లెక్కచేయని కవి చేతిలో, తన రాజ్యాన్నే లెక్కచేయని రాజు రూపుదిద్దుకున్నాడు. ఈ ఒక్క వాక్యం జవాబు మధ్యలో సరైన చోట పడితే, ఆ గ్రంథాల పేర్ల కంటే ఎక్కువ చెబుతుంది. కవి పరిచయానికి ఇదే కొలత: ప్రశ్నకు తగిలే సంగతి ఉంటే ఒక వాక్యం, లేకపోతే పేరు, కావ్యం పేరు చాలు.

ఇక నడిమి భాగం. మార్కులన్నీ ఉండేది, పోయేదీ ఇక్కడే. ఎక్కువగా కనిపించే పేరా ఇలా ఉంటుంది:

'బలి చక్రవర్తి గొప్ప దాత. ఆయన అడిగినవారికి లేదనకుండా ఇచ్చేవాడు. వామనుడు వచ్చి మూడడుగులు అడిగాడు. శుక్రాచార్యుడు వద్దన్నాడు. అయినా బలి ఇచ్చాడు. ఇలాంటి దాత లోకంలో ఎక్కడా లేడు.'

ఇందులో తప్పు వాక్యం ఒక్కటీ లేదు. కానీ ఆరు వాక్యాలూ కలిసి ఒక్క సంగతినే చెబుతున్నాయి, దానికి రుజువు చూపడం లేదు. ఇదే విషయాన్ని ఇంకోలా రాయొచ్చు:

'సంపద నిలవదని బలికి తెలుసు. పూర్వం రాజులు లేరా, వాళ్లకు రాజ్యాలు లేవా, ఒక్కరైనా సిరిని మూటగట్టుకుని పోగలిగారా అని గురువును వరసగా ప్రశ్నిస్తాడు. వాళ్ల పేరు కూడా మిగల్లేదని, పేరు నిలిచింది శిబిలాంటి దాతలకేనని గుర్తుచేస్తాడు. అంటే శుక్రుడు కాపాడుకోమన్న రాజ్యం ఎలాగూ ఒకనాటికి పోయేదే. మాట తప్పితే దానితోపాటు పేరూ పోతుంది. బలి ఇదంతా ఆలోచించే ఇచ్చాడు, ఆవేశంలో ఇవ్వలేదు.'

పొడవులో పెద్ద తేడా లేదు. రెండో పేరాలో ముందు ఒక మాట చెప్పారు, పాఠం నుంచి రుజువు చూపారు, ఆ రుజువు వల్ల ఏం తేలిందో చెప్పి ప్రశ్న దగ్గరికి తిరిగొచ్చారు. ఈ మూడోది చాలామంది మర్చిపోతారు. పద్యం ఉదహరించి, భావం చెప్పి, తర్వాతి పేరాకు వెళ్లిపోతారు. 'అయితే ఏంటి?' అని టీచరు మనసులో అడిగే ప్రశ్నకు జవాబు రాయరు. ప్రతి పేరా చివర ఆ ప్రశ్న వేసుకుంటే చాలు, ఇంకో మంచి వాక్యం పుడుతుంది.

పద్యాలు ఉదహరించే విషయంలోనూ ఒక దురభిప్రాయం ఉంది. నాలుగు పాదాలూ రాస్తేనే గొప్ప అనుకుంటారు. వ్యాసంలో పద్యం మొత్తం అవసరం లేదు, వాదానికి ఉపయోగపడే ముక్క తప్పుల్లేకుండా రాస్తే చాలు. 'మాట దిరుగలేరు మానధనులు' అన్నది ఒక ఆటవెలదిలో చివరి పాదం. మూడే మాటలు, బలి స్వభావమంతా అందులో ఉంది. నాలుగు పాదాలు రాయబోయి రెండు చోట్ల మాటలు మర్చిపోయి, ఒత్తులు తప్పి రాయడం కంటే ఇది ఎంతో నయం.

కాస్త బాగా చదివే పిల్లలైతే ఇంకో అడుగు ముందుకు వేయొచ్చు. కవి ఏం చెప్పాడన్నదే కాకుండా ఎలా చెప్పాడో చూపించొచ్చు. శుక్రుడు తన సలహా చివర 'వలదీ దానము గీనమున్' అంటాడు. ఈ దానమూ వద్దు, గీనమూ వద్దు అని విసుక్కోవడం అది. దానాన్ని తీసిపారేస్తున్నాడు. మరికొన్ని పద్యాల తర్వాత బలి 'రాజ్యము గీజ్యమున్ సతతమే' అంటాడు. రాజ్యం గీజ్యం ఎప్పటికీ ఉండేవా అని. గురువు దానాన్ని ఏ తీరులో తేలిక చేశాడో, శిష్యుడు రాజ్యాన్ని సరిగ్గా అదే తీరులో తేలిక చేశాడు. మర్యాద దాటలేదు, గొంతు పెంచలేదు, కానీ గురువు మాటల తీరులోనే గురువుకు జవాబు చెప్పాడు. వాళ్లిద్దరి మధ్య తేడా అంతా ఈ రెండు చిన్న మాటల్లో ఉంది: ఒకరికి గీనంగా కనిపించింది దానం, ఇంకొకరికి గీజ్యంగా కనిపించింది రాజ్యం. ఇలాంటి పరిశీలన ఒక్కటి జవాబులో ఉంటే, రాసినవాళ్లు గైడ్ చదివారా పద్యం చదివారా అన్నది దిద్దేవాళ్లకు తెలిసిపోతుంది. ఇది పండితుల పని కాదు. పద్యాన్ని పైకి రెండుసార్లు చదివిన పిల్లల చెవికి తప్పకుండా తగిలే సంగతే.

జవాబులో శుక్రుడికి చోటివ్వడం గురించి విడిగా చెప్పాలి. చాలా జవాబుల్లో ఆయన దుర్మార్గుడిలా కనిపిస్తాడు. పోతన అలా రాయలేదు. శిష్యుడి రాజ్యం, వంశం ఏమైపోతాయోనని భయపడిన గురువు ఆయన. 'కులమున్ రాజ్యము దేజమున్ నిలుపుము' అన్నది హితవు. ప్రాణానికి, ధనానికి, మానానికి ముప్పు వచ్చినప్పుడు అబద్ధమాడినా పాపం లేదని ధర్మశాస్త్రం పద్ధతిలోనే చెబుతాడు. ఆయన వాదాన్ని ఎంత బలంగా చూపితే, దాన్ని కాదన్న బలి అంత ఎత్తులో కనిపిస్తాడు. బలహీనమైన సలహాను కాదనడంలో గొప్పేముంది?

అసలు 'సరైనది కాదు' అని రాస్తే మార్కులు పోతాయా? పిల్లలు తరచూ భయపడే విషయమిది. అభిప్రాయం అడిగిన ప్రశ్నలో ఏ పక్షమైనా ఎంచుకోవచ్చు, ఆధారం పాఠంలో నుంచే చూపాలి. ఈ పాఠంలో అందుకు దారి ఉంది కూడా. 'దుర్మరణంబైన గులాంతమైన' రానిమ్మంటాడు బలి. తన చావు తన ఇష్టమనుకున్నా, వంశమంతా నాశనమైనా సరే అనే హక్కు ఆయనకు ఉందా? రాజు ఇచ్చిన మాటకు మూల్యం చెల్లించేది రాజు ఒక్కడేనా? ఈ ప్రశ్న మీద నిలబడి శుక్రుడిదే సరైన సలహా అని పది వాక్యాలు రాసిన విద్యార్థికి, 'బలి గొప్ప దాత' అని పదిసార్లు రాసిన విద్యార్థి కంటే తక్కువ మార్కులు వేయడం న్యాయం కాదు. దిద్దేవాళ్లూ ఈ విషయంలో ధైర్యం చేయాలి. గైడ్‌లో లేని జవాబు కనిపించినప్పుడు ఆగి చదివే ఓపిక లేకపోతే, పిల్లలకు సొంతంగా ఆలోచించమని చెప్పి ప్రయోజనం లేదు.

ముగింపు రాయడం చాలామందికి రాదు, ఎందుకంటే అక్కడికొచ్చేసరికి చెప్పాల్సింది అయిపోయి ఉంటుంది. అందుకే నీతివాక్యం వచ్చిపడుతుంది. 'మనమందరం దానధర్మాలు చేయాలి' అన్నది మంచి మాటే, కానీ ప్రశ్న దాని గురించి కాదు. మొదట్లో ఒప్పుకున్న ఎదుటి వాదం దగ్గరికి తిరిగి వెళ్తే ముగింపు దానంతట అదే దొరుకుతుంది: 'శుక్రుడు హెచ్చరించినట్టే అంతా జరిగింది, బలి సర్వం పోగొట్టుకున్నాడు. కానీ ఏం పోతుందో ముందే తెలిసి ఒప్పుకున్నవాడిని మోసపోయినవాడు అనలేం.' రెండు వాక్యాలు. కొత్త సంగతి ఏదీ తేలేదు, చెప్పిందే మళ్లీ చెప్పలేదు, ప్రశ్నకు జవాబు గట్టిపడింది.

కథ ఉన్న పాఠంతో ఒక రకం ఇబ్బంది అయితే, కథ లేని కవితతో ఇంకో రకం. గేయాలు, వచన కవితల మీద ప్రశ్న వస్తే చెప్పడానికి కథ ఉండదు కాబట్టి పిల్లలు ఉపన్యాసంలోకి జారిపోతారు. గురజాడ దేశభక్తి గేయం తీసుకుంటే, 'దేశమంటే మట్టి కాదోయ్, దేశమంటే మనుషులోయ్' అన్న రెండు పాదాలు రాసి, ఇక అక్కడి నుంచి స్వాతంత్ర్య పోరాటం, సరిహద్దు సైనికులు, జెండా వందనం అన్నీ వచ్చేస్తాయి. ఇవేవీ ఆ గేయంలో లేవు. గేయంలో ఉన్నది తిండి, కండ, కళలు, దేశి సరుకులు, పొరుగువాడు. 'తిండి కలిగితే కండ కలదోయ్' అన్న కవికి దేశభక్తి అంటే ముందు మనుషులు బాగుండటం. 'ఈసురోమని మనుషులుంటే' దేశం ఎలా బాగుపడుతుందని అడుగుతున్నాడు. ఈ సంగతులను వరసలో పెడితేనే జవాబు.

అదే గేయంలో 'సొంత లాభం కొంత మానుకు' అన్న పాదం గురించి రాసేటప్పుడు 'స్వార్థాన్ని పూర్తిగా విడిచిపెట్టాలని కవి చెప్పాడు' అని రాసేవాళ్లు ఉంటారు. కవి అలా అనలేదు. 'కొంత' మానుకోమన్నాడు. మామూలు మనిషి చేయగలిగినంతే అడిగాడు. ఆ మాటను గమనించిన విద్యార్థి జవాబు వేరే స్థాయిలో ఉంటుంది. కవితల మీద రాసేటప్పుడు ఒక్కటి గుర్తుంటే చాలు: రాస్తున్న ప్రతి సంగతికి కవితలో ఏ పాదం ఆధారమో వేలు పెట్టి చూపగలగాలి. చూపలేనిది కొట్టేయాలి.

వ్యక్తిత్వం లేదా స్వభావం రాయమనే ప్రశ్నలది మధ్యస్థమైన దారి. అక్కడ గుణాల వారీగా పేరాలు కట్టుకోవచ్చు. ఒక్కో గుణానికి ఆ పాత్ర చేసిన పనో, అన్న మాటో జత చేయాలి. అన్నిటికంటే ముఖ్యమైన గుణంతో మొదలుపెట్టాలి, పాఠంలో ముందు కనిపించినదానితో కాదు.

సైడ్ హెడింగ్‌ల గురించి రకరకాల సలహాలు తిరుగుతుంటాయి. గుణాలు, కారణాలు, లాభనష్టాల్లాంటివి రాసేటప్పుడు అవి ఉపయోగమే, దిద్దేవాళ్ల కంటికీ సులువు. వాదం నడిపే జవాబులో మాత్రం రెండు వాక్యాలకో హెడింగ్ పెడితే ఒక పేరాకు ఇంకో పేరాతో ఉన్న సంబంధం తెగిపోతుంది. 'అయితే', 'అందుకే', 'అంతమాత్రాన' లాంటి మాటలు చేసే పని హెడింగ్ చేయలేదు. ఎవరైనా తమ జవాబును తిరిగి చదువుకుని, పేరాల మొదటి మాటలు మాత్రమే చూస్తే వాదం నడుస్తోందా లేదా అన్నది తెలిసిపోతుంది. ప్రతి పేరా 'బలి చక్రవర్తి' అనే మొదలవుతుంటే అది నడవడం లేదు.

భాష విషయానికొస్తే, గైడ్ భాష ఒక బరువు. 'గ్రహింపబడినది', 'చెప్పబడియున్నది' అని మొదలుపెట్టి, రెండు వాక్యాల తర్వాత 'ఇచ్చేశాడు', 'అన్నాడు' అని రాస్తే చదవడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది. మొదటి నుంచీ మామూలు వాడుక భాషలో రాస్తే చాలు. కొటేషన్‌లో పద్యం భాష ఎలా ఉంటే అలా ఉంచాలి, దాని చుట్టూ మన మాటలు మన భాషలో ఉండాలి. దస్తూరి, ఒత్తులు, శ ష స ల తేడాల గురించి టీచర్లు రోజూ చెప్పేదే కాబట్టి ఇక్కడ మళ్లీ అక్కర్లేదు.

ఇదంతా పరీక్ష ముందు రోజు వచ్చే పని కాదు, కానీ నెల రోజుల్లో వస్తుంది. అందుకు రోజుకో పూర్తి జవాబు రాయనక్కర్లేదు. ఒకే పాఠం మీద నాలుగు ప్రశ్నలు తీసుకుని, నాలుగింటికీ మొదటి రెండు వాక్యాలు, పథకంలోని నాలుగైదు ముక్కలు మాత్రమే రాయించడం ఎక్కువ మేలు చేస్తుంది. దానశీలము మీదే ఒక ప్రశ్న బలి వ్యక్తిత్వం అడగొచ్చు, ఇంకొకటి శుక్రుడి సలహాలోని మంచిచెడ్డలు అడగొచ్చు, మూడోది ఈ రోజుల్లో దానం ఎలా ఉండాలో పాఠం ఆధారంగా రాయమనొచ్చు. నాలుగోది 'శుక్రుడి మాట విని ఉంటే బలి ఏం కోల్పోయేవాడు?' అని అడగొచ్చు. ఈ నాలుగో ప్రశ్నకు కథ చెబితే జవాబు రాదు, ఎందుకంటే కథలో బలి ఆ మాట వినలేదు. కాబట్టి రాసేవాళ్లు బలి మాటల్లోకే వెళ్లి, ఆయన దేన్ని పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డాడు, దేన్ని పోగొట్టుకోలేనన్నాడు అని వెతకాల్సి వస్తుంది. వెతికితే మొదటి వాక్యం దొరుకుతుంది: 'గురువు మాట విని ఉంటే బలికి రాజ్యం మిగిలేది, శిబి పక్కన పేరు మిగిలేది కాదు.'